నీలిగోడ ముందు ఫోటో

సైబర్ భద్రత పాఠం నాకు నోటికి వచ్చు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు, తెలియని లింకు నొక్కకూడదు, ఓటీపీ సొంత మేనమామ అడిగినా ఇవ్వకూడదు, ఫోటో, ఫోన్ నెంబరు ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పడనివ్వకూడదు. సూర్యాపేటలో రెండు రోజులు శిక్షణ ఇచ్చి, ఒక ఫైలూ పెన్నూ చేతిలో పెట్టి, ఇక మీ బడి మీ ఇష్టం అని పంపించారు. నేను చెప్పేది ఫిజిక్స్. పేరు శాంతకుమారి. కంప్యూటర్ టీచరు లేని బడిలో కరెంటు పాఠం చెప్పేవాళ్లకే కంప్యూటర్ కూడా వస్తుందని పైవాళ్ల నమ్మకం.

మా బడి కోదాడ పోయే హైవే పక్కనే ఉంటుంది. లారీల హారన్ల మధ్య పాఠం చెప్పడం మాకు అలవాటు. ఆ నవంబరులో పదో తరగతికి మూడు వారాలు ఈ పాఠం చెప్పాను. బాగానే చెప్పాను, అబద్ధమెందుకు. పిల్లల చేత సైబర్ మోసాల ఫిర్యాదుకు చేసే పంతొమ్మిది ముప్పై నెంబరును ఎక్కం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించాను. చివరి రోజు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: ఏం జరిగినా దాచకు, చెప్పు.

"ఎవరికి చెప్పాలె?" అని అడిగాను.

"మీకే టీచర్!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

రెండో బెంచీలో దీప చెయ్యి ఎత్తింది. వాళ్ల నాయిన దేవదాసు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో హమాలీ. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఇంటికి వస్తాడు. ఇంట్లో తల్లి కాటమ్మ, ఈ పిల్ల, ఇద్దరికీ కలిపి ఒక్క ఫోను. కాటమ్మ కూలికి పోయాక ఆ ఫోను దీప దగ్గరే ఉండేది.

"చెప్తే ముందుగాల ఫోన్ గుంజుకుంటరు టీచర్. ఆ తర్వాత బడి బంద్ చేయిస్తరు. మరి ఎట్ల చెప్పాలె?" అంది.

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. "నేను మాట్లాడత మీ అమ్మానాయినతోటి. తప్పు నీది కాదని అందరి ముందల చెప్త. నీ పక్కన నిలబడత. సరేనా?" అన్నాను. నా మాటకు నాకే ముచ్చటేసింది. దీప తల ఊపి కూర్చుంది. ఆ పిల్ల నా మాట నమ్మింది. ఇప్పుడు తలుచుకుంటే నమ్మకపోయినా బాగుండేదనిపిస్తుంది.

డిసెంబరులో సూర్యాపేటలో బడులన్నింటికీ కలిపి సైబర్ భద్రత క్విజ్ పెట్టారు. ప్రైవేటు బడుల పిల్లలు టై కట్టుకుని, బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చారు. దీప రబ్బరు చెప్పులతో వచ్చి అందరినీ దాటేసింది. చివరి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తే. మీ స్నేహితురాలి ఫోటో ఎవరైనా ఆమెను అడగకుండా పంచితే ఏం చేస్తారు అని. "పంచినోళ్లకే ముందుగాల చెప్త సార్, తప్పని. తెలువక చేసి ఉంటరు గద" అంది. జడ్జీలు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

మా ఉద్యోగంలో పాఠం చెప్పామా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఫోటో పెట్టామా లేదా అన్నదే లెక్క. మొక్క నాటితే ఫోటో, పిల్లలకు గుడ్డు పెడితే ఫోటో, చేతులు కడిగితే ఫోటో. క్విజ్ మర్నాడు మధ్యాహ్నం జిల్లా టీచర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, గెలిచిన విద్యార్థుల వివరాలు నాలుగింటిలోగా పంపాలని. ఫారం ప్రింటు తీసి నింపాను. పేరు, తరగతి, తండ్రి పేరు, ఊరు, సెల్ నెంబరు, అన్నీ. ఫోటో నా ఫోన్లోనే ఉంది. పదో తరగతి పరీక్షల జాబితా కోసం పిల్లలందరినీ స్టాఫ్‌రూమ్ నీలిగోడ ముందు నిలబెట్టి నేనే తీశాను. జడ ముందుకేసుకో, కొద్దిగా నవ్వు అని దీపకు చెప్పింది కూడా నేనే. అంత చక్కగా వచ్చింది ఆ ఫోటో.

అడిగిన గ్రూపులో పెట్టి ఊరుకుంటే సరిపోయేది. సంతోషం పట్టలేక ఆ ఫారమూ ఫోటో మా బడి శ్రేయోభిలాషుల గ్రూపులో కూడా పెట్టాను, మూడు చప్పట్ల బొమ్మలతో. పాత విద్యార్థులు, దాతలు, లీడర్లు, వాళ్ల డ్రైవర్లు, మొత్తం మూడు వందల మంది ఉంటారు అందులో. సగం మంది ఎవరో నాకే తెలియదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పడనివ్వకూడదని మూడు వారాలు అరిచిన నోరు నాదే, ఆ ఫారం అక్కడ పెట్టిన చెయ్యీ నాదే. పిల్లను అడగలేదు. తల్లిని అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

మూడో రోజుకల్లా బస్టాపు దగ్గర ఫ్లెక్సీ లేచింది. కట్టించింది మాజీ సర్పంచ్ సత్యనారాయణ. మా బడికి మంచినీళ్ల ప్లాంటు ఇచ్చిన మనిషి, మంచివాడే. పైన వరుసగా లీడర్లు, మధ్యలో చేతులు జోడించిన సత్యనారాయణ, ఆయన మోచేతి కింద దీప. 'సైబర్ భద్రతలో జిల్లాకే మొదటి స్థానం సాధించిన మన ఊరి బిడ్డ' అని రాసి ఉంది. దాని కింద పేరు, తరగతి. దాని కింద, సత్యనారాయణ నెంబరు ఉన్నంత సైజులోనే, దీప వాళ్ల ఇంటి సెల్ నెంబరు.

చూడగానే ఫ్లెక్సీ మూలన ఉన్న కోదాడ షాపు నెంబరుకు ఫోన్ చేశాను. ప్రవీణ్ అనే కుర్రవాడు ఎత్తాడు.

"మాకొచ్చిన ఫారంలో ఉన్నదే వేశామండి మేడం. ఫోటో వేస్తే కింద నెంబర్ వేయాలి కదండి, లేకపోతే మనిషెవరో ఎలా తెలుస్తుంది? అన్ని ఫ్లెక్సీలకీ అంతేనండి. తీసేయాలంటే మళ్లీ ప్రింట్ కొట్టాలి, సత్యనారాయణగారు ఊరుకోరు" అన్నాడు.

అతని తప్పేముంది. మా దగ్గర ఫ్లెక్సీ ఎక్కేవాళ్లంతా నెంబరు కనిపించాలనే ఎక్కుతారు. పదిహేనేళ్ల పిల్లకు ఆ పద్ధతి పనికిరాదని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సినదాన్ని నేను. సరేలే అని ఫోన్ పెట్టేశాను. ఒక తెల్లకాగితం తీసుకుపోయి ఆ నెంబరు మీద అంటిస్తే ఖతం అయిపోయేది. జిగురు డబ్బా నా టేబుల్ మీదే ఉంది. సత్యనారాయణ ఏమనుకుంటాడో అని ఆగాను.

ఆ ఆదివారం దేవదాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డాడు. బస్సు ఆగిన ప్రతిసారీ దిగినవాళ్లకు చెప్పాడట, గా పిల్ల నా బిడ్డనే అని. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మీ పుణ్యం టీచరమ్మ. మా ఇంట్ల ఎవ్వల ఫోటో గింత పెద్దగ ఎక్కలె" అన్నాడు. మా నాన్న కూడా బస్తాలు మోసినవాడే. ఆ సంతోషం ఎంతదో నాకు తెలుసు. దాని మీద తెల్లకాగితం ఎలా అంటించను అని ఇంకో సాకు దొరికింది నాకు.

పండుగ సెలవులయ్యాక మొదటి వారంలో దీప మధ్యాహ్నం బువ్వ తినకుండా ల్యాబుకు వచ్చింది. ఫోను నా ముందు పెట్టింది. పది రోజులుగా ఎవరెవరో ఫోన్లు. హైవే మీద పోయే లారీవాళ్లు, ఊళ్లోవాళ్లు, గొంతు మార్చి మాట్లాడేవాళ్లు. అది చాలదన్నట్టు ఎవడో ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమె పేరుతో ఖాతా తెరిచాడు. నీలిగోడ ముందు నవ్వుతున్న అదే మొహం, కింద వేరే ఒళ్లు. దాని కింద అదే నెంబరు, నేను ఇక్కడ రాయలేని మాటలు.

"ఏదీ డిలీట్ చెయ్యలె టీచర్. అన్నీ స్క్రీన్‌షాట్లు తీసిన. ఎవలు ఏ టైముకు చేసిన్రో నోటుబుక్కుల రాసిన. తిరిగి మాట్లాడలె. మీకే మొదలు చెప్తున్న" అంది. ఒక్క పనీ తప్పలేదు. నేను చెప్పిన పాఠమంతా అక్షరం పొల్లుపోకుండా చేసి చూపించింది.

"నువ్వేం భయపడకు. నేనున్న" అన్నాను. ఆ క్షణానికి నిజంగానే అన్నాను.

హెడ్మాస్టరు గురవయ్య సారు దగ్గరికి పోయాను. ఆయన ఇంకో రెండేళ్లలో రిటైరు అయ్యే మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. విని తలుపు దగ్గరికేశాడు.

"కంప్లైంట్ ఇద్దం, తప్పదు. కని నువ్వు పెట్టిన ఫారం సంగతి తీయకు శాంతకుమారి. సైబర్ ట్రైనింగ్ ఇచ్చిన టీచరే పిల్ల నెంబరు గ్రూపుల పెట్టిందంటే పేపర్ల ఎక్కుతది. నీకు మెమో, నాకు మెమో. సత్యనారాయణ పేరు అసలే రావద్దు. జర ఓపిక పట్టు, వాళ్లు పట్టుకుంటరు వాణ్ని" అన్నాడు. సాయంత్రానికల్లా బస్టాపు దగ్గర ఫ్లెక్సీ లేదు. మేకులు మాత్రం ఉన్నాయి.

దేవదాసును పిలిపించాం. మిల్లు నుంచి అలాగే వచ్చాడు, తల మీద తవుడుతో. నలుగురం స్టేషన్‌కు పోయాం. ఎస్సై కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. పిల్లకు కుర్చీ వేయించాడు. నోటుబుక్కు చూసి, "ఇంత నీట్‌గ ఎవ్వరు తేలేదమ్మ ఇప్పటిదాక" అన్నాడు. ఖాతా మూయించడానికి రాసుకున్నాడు, నెంబర్లన్నీ ఎక్కించుకున్నాడు. అంతా అయ్యాక పెన్ను ఆపి అడిగాడు.

"ఫ్లెక్సీ మీద పడ్డదంటున్నరు కద. దానికి ఫోటో, నెంబరు ఎవరిచ్చిన్రు? ఇంట్లోళ్లను అడగకుండ ఇస్తే అదీ రాయాలె నేను."

ఇదే ఆ చోటు. నీ పక్కన నిలబడతా అని నేనన్న చోటు. నిజానికి పక్కనే నిలబడి ఉన్నాను, నా చెయ్యి ఆ పిల్ల కుర్చీ మీదే ఉంది. నేనే ఇచ్చాను సార్ అనాలి, అంతే. మూడు మాటలు. గురవయ్య సారు దగ్గాడు. నేను గోడ మీద గడియారం చూశాను. నోరు తెరిచి, నీళ్లు నమిలి, మళ్లీ మూశాను.

దీప తలెత్తి నా మొహం చూసింది. తర్వాత ఎస్సై వైపు తిరిగింది.

"నేనే ఇచ్చిన సార్" అంది.

ఎస్సై పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "సైబర్ సెక్యూరిటీల ఫస్ట్ ప్రైజ్ తెచ్చుకొని, నీ నెంబరు నువ్వే ఫ్లెక్సీ మీద ఎక్కించుకున్నవా? ఏం చదువమ్మ ఇది?" అన్నాడు. పక్కనున్న కానిస్టేబులు నవ్వాడు. దేవదాసు తల దించుకున్నాడు. అప్పటికైనా చెప్పొచ్చు. చెప్పలేదు. బయటికొచ్చాక గురవయ్య సారు నా వైపు చూసి తల ఊపాడు, పెద్ద గండం తప్పినట్టు. ఆ తల ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆయన మీద కాదు.

మర్నాటి నుంచి దీప బడికి రాలేదు. వారం తర్వాత ఇంటికి పోతే తాళం వేసి ఉంది. దేవదాసు ఇద్దరినీ మిర్యాలగూడ తీసుకుపోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ ఖాతా మూశారు. తెరిచినవాడెవడో నేటికీ తెలియదు. ఊళ్లో మాత్రం అందరికీ అన్నీ తెలిసిపోయాయి, పిల్ల తానే నెంబరు ఇచ్చుకుందట అని. స్టాఫ్‌రూమ్‌లో కూడా ఆ మాట వచ్చింది. నా డబ్బా మూత తీసి నేను అన్నం తిన్నాను.

మార్చిలో హాల్‌టికెట్లు వచ్చాయి. దీపది ఎవరూ తీసుకోలేదు. పరీక్షలకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. జనవరి దాకా క్లాసులో మొదటి ర్యాంకు ఆ పిల్లదే. ఇప్పుడు చదవకుండా పోయి కూర్చున్నా పాసవుతుంది. పది ఒక్కటి గట్టెక్కితే తర్వాత కాలేజీ సంగతి ఏదో చూడొచ్చు. ఎలాగైనా ఒప్పించాలని మధ్యాహ్నం సెలవు పెట్టి మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో లోపల అనుకుంటూనే ఉన్నాను. ఈసారి నిజం చెప్పేద్దామని కూడా అనుకున్నాను.

మిల్లు వెనక రేకుల గదులు. దేవదాసు గుమ్మంలో కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు. లేచి నిలబడి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. నేను హాల్‌టికెట్టు ఆయన చేతిలో పెట్టాను.

"తొమ్మిది రోజులే ఉన్నయి దేవదాసు. కోదాడలనే సెంటరు. నేనే తీస్కపోత, నేనే తీస్కొస్త. ఆరు పరీక్షలు రాయించు. దానికంటే ఎక్కువ అడగ" అన్నాను.

ఆయన హాల్‌టికెట్టును వెలుతురుకు పట్టి చూశాడు. చదువు రాదు ఆయనకు. బొమ్మ మీద వేలు పెట్టాడు.

"గీ ఫోటోనే కద టీచరమ్మ" అన్నాడు.

నీలిగోడ. ముందుకేసుకున్న జడ. ఎలాగో కూడదీసుకుని అన్నాను. "దేవదాసు, ఆ ఫోటో, ఆ నెంబరు ఇచ్చింది దీప కాదు. నేను."

"ఎర్కనే" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. అదే భరించలేకపోయాను.

"స్టేషన్ నుంచి వస్తుంటె బస్సులనే చెప్పింది బిడ్డ. ఎవ్వలకు అనొద్దు నాయినా, టీచర్ నౌకరి పోతది అన్నది. నేను ఊకున్న. మా ఆమెకు గూడ చెప్పలె." హాల్‌టికెట్టును జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చాడు. "బిడ్డ మీద నాకు కోపం లేదు టీచరమ్మ. ఫోన్లు చేసిన కొడుకులకు భయపడి గూడ గీడికి తేలె. మీరు పక్కన ఉండంగ మీ తప్పు నా బిడ్డ మీదేసుకున్నది. మీరు నోరు మెదపలె. ఇగ ఎవల మీద నమ్మకంతోటి పంపాలె?"

బస్సులో అనుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ ఈ ప్రశ్నకు పనికిరాలేదు.

లోపల నుంచి దీప స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. చీపురు చంకలోనే ఉంది, కనుబొమల మీద తవుడు. మిల్లు ఆవరణ ఊడుస్తోందట. చిక్కింది. గ్లాసు అందించి, నాయిన అటు తిరిగాక మెల్లగా అడిగింది.

"మీ నౌకరికి ఏం కాలేదు కద టీచర్?"

"ఏం కాలేదు" అన్నాను.

పిల్ల మొహం తేటపడింది. హమ్మయ్య అన్నట్టు నవ్వింది. నేను నవ్వమంటే నీలిగోడ ముందు నవ్విన నవ్వే అది.

ప్రభుత్వ టీచరుకు మెమో అంటే ఒక కాగితం. నౌకరి పోదు. తప్పయింది, ఇక చేయను అని ఇంకో కాగితం రాసిస్తే ఫైలు మూస్తారు. నాకు ఆ కాగితం కూడా రాలేదు. ఆ పిల్ల నాకోసం చదువు వదులుకుంది, నేను వదులుకోవాల్సింది ఒక్క కాగితం. ఆ సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ నవ్వు చూసి చెప్పలేకపోయాను. నీళ్లు తాగి, గ్లాసు ఇచ్చేసి, హాల్‌టికెట్టు బ్యాగులో పెట్టుకుని కోదాడ బస్సెక్కాను.